అమ్మతో ఒక్క రోజు ఢిల్లీ

హరిద్వార్ బండి న్యూఢిల్లీ స్టేషన్లో మమ్మల్ని దింపేసరికి తెల్లవారుజామున ఐదు దాటింది. మా ఊరికి తిరుగు బండి రాత్రి ఎనిమిదింటికి. మధ్యలో పదిహేను గంటలు. అమ్మకు డెబ్బై మూడేళ్ళు. కార్తీకంలో గంగలో మూడు మునకలు వెయ్యాలన్న కోరిక తీరింది కాబట్టి ఆమె లెక్కలో యాత్ర అయిపోయినట్టే. ఢిల్లీ కొసరు.

"వెయిటింగ్ రూములో నడుం వాల్చుకుంటావా?" అన్నాను, ఆమె మోకాళ్ళు తలుచుకుని.

"ఢిల్లీలో దిగి ఢిల్లీ చూడలేదంటే ఊళ్ళో నవ్విపోతారు. ఏదో ఒకటి చూపించు" అంది.

ఆ 'ఏదో ఒకటి' దగ్గరే వచ్చింది చిక్కు. ఎర్రకోట, జామా మసీదు, రాజ్‌ఘాట్, ఇండియా గేట్, హుమాయూన్ సమాధి, లోటస్ టెంపుల్, కుతుబ్, అక్షరధామ్... అన్నీ ఒక్క రోజులో చుట్టేసే టూరిస్టు బస్సులున్నాయి. దిగడం, ఫొటో దిగడం, మళ్ళీ ఎక్కడం. సాయంత్రానికి ఏ గుమ్మటం ఎవరిదో కూడా గుర్తుండదు. నేను మెట్రో మ్యాపు తెరిచాను. ఎల్లో లైన్ ఒకటి పాత ఢిల్లీ కింద నుంచి కొత్త ఢిల్లీ మీదుగా దక్షిణాన కుతుబ్ మీనార్ దాటి పోతుంది. ఆ ఒక్క లైనునే నమ్ముకుందాం, మూడే మూడు చోట్ల దిగుదాం అనుకున్నాను: చాందినీ చౌక్, సెంట్రల్ సెక్రటేరియట్, కుతుబ్ మీనార్.

క్లోక్‌రూములో తాళం లేని సంచి తీసుకోరు. ప్లాట్‌ఫారం మీద ఓ కుర్రాడి దగ్గర వేలెడంత తాళాలు రెండు కొని, సంచులు అప్పజెప్పాం. గంగ చెంబు మాత్రం అమ్మ ఇవ్వనంది. "గంగని ఎవరెవరి చెప్పుల మధ్యో పెడతారా?" అని సీలు వేసిన ఆ రాగి చెంబును గుడ్డసంచిలో పెట్టుకుని భుజానికి తగిలించుకుంది. దాంతో ఢిల్లీ చూడడానికి ముగ్గురం బయలుదేరాం.

మెట్రో తనిఖీలో ఆ చెంబు ఎక్స్‌రే తెర మీద నల్లగా కనపడింది. ఏమిటని జవాను అడిగాడు. అమ్మకు వచ్చిన ఒకే ఒక్క హిందీ మాట సరిగ్గా అక్కడ పనికొచ్చింది: "గంగా!" అతను చెంబు ముట్టుకుని కళ్ళకద్దుకుని వెనక్కిచ్చాడు.

ఢిల్లీలో మొదటి మెట్రో 2002 డిసెంబరులో నడిచింది. దాన్ని కట్టించిన శ్రీధరన్‌ది కేరళే గానీ, ఇంజినీరింగు చదివింది మన కాకినాడ కాలేజీలో. ఆ మాట చెబితే అమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఎక్కడో ఒకచోట చదవాలిగా" అంది. వృద్ధుల సీట్లో కూర్చున్న ఒక కాలేజీ పిల్లాడు తనంతట తనే లేచాడు. అదే ఆమెకు నచ్చింది.

చాందినీ చౌక్‌లో సైకిల్ రిక్షా ఎక్కాం. కోట ఇంకా కనపడకుండానే ఒకాయన మా పక్కనే నడుస్తూ, "ఇవాళ కోట బంద్, మంచి ఎంపోరియం చూపిస్తా" అని మొదలుపెట్టాడు. రిక్షా అతను తల కూడా తిప్పకుండా తొక్కుకుపోయాడు. నిజానికి బంద్ ముందురోజు. ఎర్రకోటకు సోమవారం సెలవు. ఆ సోమవారం అమ్మ హరిద్వార్‌లో ఉపవాసం ఉండి, నక్షత్రం చూసి గానీ తినననడంతో మా ప్రయాణం ఒక పూట జరిగింది. శివుడే కోట తలుపులు తీయించాడని అమ్మ ఇప్పటికీ అంటుంది.

షాజహాన్ ఆగ్రా వదిలి ఇక్కడికి రాజధాని మార్చాలనుకుని 1639లో ఈ కోటకు పునాది వేయించాడు. 1648కి పూర్తయింది. చుట్టూ రెండు కిలోమీటర్ల పైచిలుకు ఎర్రరాతి గోడ. నవంబరు పొగమంచులో, అది మంచో పొగో తెలియని ఆ బూడిద రంగులో, గోడ ఎరుపు కూడా కాస్త వెలిసినట్టు కనిపించింది. లాహోరీ గేటు దాటగానే పైకప్పున్న బజారు. ఒకప్పుడు రాణివాసానికి పట్టుబట్టలు, నగలు అమ్మిన అరుగుల మీద ఇప్పుడు గాజులు, చేతిసంచులు. దాన్ని దాటితే నౌబత్‌ఖానా, తర్వాత ప్రజల దర్బారు, ఆ వెనక పాలరాతి దీవానే ఖాస్.

అక్కడ అమ్మ మెట్ల మీద కూర్చుని విచారణ మొదలుపెట్టింది.

"సింహాసనం ఏదిరా?"

"నాదిర్‌షా పట్టుకుపోయాడు, 1739లో. నెమలి సింహాసనం. కోహినూరు కూడా దానితోనే పోయింది. అది మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందంటారు."

"పైకప్పుకు వెండి రేకు ఉండేదని ఆ గైడు ఎవరికో చెబుతున్నాడేం?"

"మరాఠాలు ఊడదీసుకుపోయారు, 1760లో."

"మిగతా మేడలు?"

"1857 తిరుగుబాటు అణిచాక ఇంగ్లీషువాళ్ళు పడగొట్టి బ్యారక్‌లు కట్టుకున్నారు."

"మరి మనకు టికెట్టు దేనికిరా?"

నా దగ్గర జవాబు లేదు. కానీ అదే పాలరాతి గచ్చు మీద ఓ ముసలి పాదుషా ముద్దాయిగా నిలబడ్డాడని చెప్పాను. ఆఖరి మొఘలు బహదూర్ షా జఫర్‌ను 1858లో ఆయన సొంత దర్బారు హాల్లోనే విచారించి రంగూన్ పంపించేశారు. అక్కడే పోయాడు. ఎనభై ఏడేళ్ళకు, 1945లో, ఇదే కోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారుల మీద కేసు నడిపారు. మరో రెండేళ్ళకు ఇదే కోట మీద నెహ్రూ జెండా ఎగరేశారు. అది ఆగస్టు 15 కాదు, 16. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సొంతింట్లోనే బోనెక్కించారన్నమాట" అంది. కోటలో చూడాల్సింది గోడలు కాదు, ఆ మాటే.

మళ్ళీ రిక్షా. ఈసారి వీధి ఆ చివరి దాకా. ఈ వీధికి నమూనా గీయించింది షాజహాన్ కూతురు జహానారా. మధ్యలో కాలువ పారేదట, వెన్నెల అందులో పడేదట. కాలువ పూడిపోయి చాలాకాలమైంది. 2021లో ఎర్రరాయి పరిచి, పగటిపూట మోటారు బళ్ళు రాకుండా చేశారు గనక రిక్షాలో కూర్చుని వీధి చూడొచ్చు. కోట ఎదురుగానే ఎర్ర జైన మందిరం, దాని ఆవరణలో దెబ్బతిన్న పక్షులకు ఆసుపత్రి. పక్కన గౌరీశంకర్ గుడి. కాస్త ముందుకెళితే 1675లో గురు తేగ్ బహదూర్ తల తెగిన చోట శీష్‌గంజ్ గురుద్వారా. వీధి చివర ఫతేపురి మసీదు. కిలోమీటరున్నర లోపలే అమ్మ నాలుగుసార్లు దండం పెట్టింది. ఏది ఎవరిదని అడగలేదు.

ఫతేపురి దాటగానే ఖారీ బావలీ. ఉప్పునీళ్ళ దిగుడుబావి అని అర్థం. బావి ఆనవాలు లేదు, పేరు మిగిలింది. ఆసియాలోనే పెద్ద టోకు మసాలా బజారని చెబుతారు. పసుపు, జీలకర్ర, యాలకులు, ఎండుద్రాక్ష బస్తాల మధ్య నుంచి తోపుడు బళ్ళు, నెత్తిన మూటలతో హమాలీలు. మిర్చి కొట్ల వైపు తిరిగామో లేదో గొంతులో గరగర. దారిన పోయేవాళ్ళు, కొట్టువాళ్ళు, హమాలీలు అందరూ తుమ్ముతూ దగ్గుతూనే బేరాలు ఆడుకుంటున్నారు. అమ్మ ఒక్కతే దగ్గలేదు. మిరప కళ్ళాల్లో పుట్టి పెరిగిన మనిషి.

ఒక కొట్టు ముందు ఆగింది. బస్తాలోంచి సన్నటి కాయ ఒకటి తీసింది. తొడిమ విరిచింది. కాయను వేళ్ళ మధ్య నలిపి గింజలు రాల్చి చూసింది. తొక్క వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత వాసన. మొత్తం పది క్షణాలు.

"తేజ" అంది.

కొట్టతను నవ్వి, "హా మాజీ, గుంటూర్! గుంటూర్ తేజా!" అన్నాడు.

అమ్మ మొహం మారిపోయింది. "గుంటూరు ఏంది? తేజకు మా ఖమ్మం మార్కెట్ పెట్టింది పేరు. చెప్పరా అతనికి." చెప్పాను, నాకు వచ్చిన హిందీలో. అతను ఖమ్మం పేరు విన్నాడు గానీ, ఢిల్లీలో ఘాటున్న ఎర్ర మిర్చంతా గుంటూరేనని తేల్చేశాడు. పక్కన లావుగా, ముడతలు పడ్డ కాయలున్న బస్తా చూపించి, "యే బ్యాడగీ, కర్ణాటక" అన్నాడు. అది రంగుకి, ఇది కారానికి. ఇంకో బస్తాలో కశ్మీరీ. దేశం నలుమూలల కారమూ ఇక్కడ పక్కపక్కన కూర్చుని ఉంది. అమ్మ మాత్రం రిక్షా ఎక్కాక కూడా వదల్లేదు. "పండించేది మనం, పేరు వాళ్ళది."

మధ్యాహ్నం ఒంటిగంటకు సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగి, ఆటోలో అశోకా రోడ్డుకు వెళ్ళాం. రాష్ట్రం రెండయినా అందరి నోటా అది ఇంకా ఆంధ్రా భవనే. క్యాంటీన్ ముందు వరసలో తెలుగువాళ్ళకంటే ఢిల్లీ ఆఫీసుల వాళ్ళే ఎక్కువ. టోకెన్ తీసుకుని పిలుపు కోసం నిలబడాలి. లోపల బల్ల మీద పచ్చళ్ళు, పొడి. స్టీలు పళ్ళెంలో పూరీ, పప్పు, కూర, సాంబారు, రసం, పెరుగు. అన్నం అడిగినంత. ఎదురుగా టై కట్టుకున్న ఉత్తరాది కుర్రాడు పొడిలో నెయ్యి వేసుకుని ముద్ద కలుపుతున్న తీరు చూసి, "వీడికి ఎవరో మనవాళ్ళే నేర్పారు" అంది అమ్మ. ఒక పూట ఉపవాసం, రెండు పూటల రైలు తిండి తర్వాత ఆ భోజనానికి వంక పెట్టకూడదు. అయినా పెట్టింది: "పప్పులో పులుపు చాల్లేదు." రెండోసారి వేయించుకుంది.

పక్కనే హైదరాబాద్ హౌస్. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం లుట్యెన్స్ రూపకల్పన చేసిన భవనం. ఇప్పుడు విదేశీ అధినేతలు వస్తే చర్చలు, విందులు అక్కడ. గేటు బయట నుంచి చూడడమే. అసలు ఈ కొత్త ఢిల్లీయే బయటి నుంచి వచ్చింది. 1911 డిసెంబరులో ఐదో జార్జి దర్బారు పెట్టి, రాజధాని కలకత్తా నుంచి ఇక్కడికి మారుస్తున్నామని ప్రకటించాడు. లుట్యెన్స్, బేకర్ కట్టిన నగరం 1931లో ప్రారంభమైంది. ఆ తర్వాత పదహారేళ్ళకే కట్టించినవాళ్ళు సర్దుకుని వెళ్ళిపోయారు.

కర్తవ్యపథ్ మీదకు వచ్చి అటు చివర రైసినా గుట్ట మీది రాష్ట్రపతి భవన్‌ను దూరం నుంచే చూపించాను. అందులో వి.వి.గిరి ఉన్నారని, నీలం సంజీవరెడ్డి ఉన్నారని, మన పాత వరంగల్లు జిల్లాలో పుట్టిన పీవీ ఆ పక్క ఆఫీసులోనే ప్రధానిగా కూర్చున్నారని చెప్పాను. అమ్మ అన్నీ విని, "ఢిల్లీకి రాజైనా తల్లికి కొడుకే. చలిగాలి కొడుతోంది, ఆ మఫ్లరు చెవులకు చుట్టుకో" అంది. నాకు యాభై దాటాయి.

ఇండియా గేట్ 42 మీటర్ల ఎత్తు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ, ఆ తర్వాతి అఫ్గాన్ యుద్ధంలోనూ పోయిన బ్రిటిష్ ఇండియా సైనికుల కోసం కట్టారు. రాతి మీద పదమూడు వేలకు పైగా పేర్లు. 1972 నుంచి అక్కడ వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో వెనకనున్న జాతీయ యుద్ధ స్మారకంలోని జ్యోతితో కలిపేశారు. కానీ నేను అమ్మను తీసుకెళ్ళింది దాని కోసం కాదు, గేటు వెనకున్న గొడుగు మండపం కోసం. అందులో 1936 నుంచీ ఐదో జార్జి విగ్రహం ఉండేది. 1968లో తీసేశారు. తర్వాత యాభై ఏళ్ళకు పైగా మండపం ఖాళీ. ఇప్పుడు అందులో సెల్యూట్ చేస్తున్న నేతాజీ. నల్ల గ్రానైటు, 28 అడుగులు. 2022 సెప్టెంబరు 8న ఆవిష్కరించారు.

"ఆ రాయి ఎక్కడిదో చెప్పు చూద్దాం" అన్నాను.

"నాకేం తెలుసు? రాజస్థాన్‌దేమో."

"ఖమ్మం."

ఆమె నమ్మలేదు. వివరంగా చెప్పాల్సి వచ్చింది. 280 టన్నుల ఒకే బండ. నూరడుగుల పొడవు, 140 చక్రాలున్న లారీ మీద 1665 కిలోమీటర్లు ప్రయాణించి ఢిల్లీ చేరింది. చెక్కాక మిగిలింది 65 టన్నుల విగ్రహం. చెక్కిన బృందానికి పెద్ద మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్. అమ్మ గంగ చెంబు నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, నాలుగడుగులు ముందుకెళ్ళి కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. దండం నేతాజీకో, రాయికో నేను అడగలేదు. తిరిగొచ్చి అన్నది మాత్రం ఇది: "ఆ మిరపకాయలవాడిని ఇక్కడికి తీసుకురావాల్సింది."

మూడున్నరకు మళ్ళీ ఎల్లో లైన్. అరగంటలో కుతుబ్ మీనార్ స్టేషన్, అక్కడి నుంచి ఆటో. వాలుతున్న ఎండలో మీనారు ఎర్రగా కాకుండా తేనె రంగులో ఉంది. కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెట్టాడు, ఇల్తుత్‌మిష్ పైకి లేపాడు, పిడుగు పడి దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించాడు. ఎత్తు 72.5 మీటర్లు, లోపల 379 మెట్లు. 1981లో తొక్కిసలాట జరిగి నలభై ఐదు మంది చనిపోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. అప్పటి నుంచి ఎవరినీ ఎక్కనివ్వరు. అమ్మకు ఆ నిబంధన హాయిగా అనిపించింది.

పక్క మసీదు స్తంభాల మీద గంటలు, గొలుసులు, పూలతీగెలు. ఇరవై ఏడు ఆలయాల రాళ్ళతో కట్టామని కట్టినవాళ్ళే శాసనంలో చెక్కించారు. ఆ ముంగిట్లో ఇనుప స్తంభం. ఏడు మీటర్లు, ఆరు టన్నులకు పైనే. పదహారు వందల ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలబడినా తుప్పు తినేయలేదు. ఆనాటి ఇనుములో భాస్వరం ఎక్కువ. అది గాలి, తేమలతో కలిసి పైన పలచటి పొరలా పట్టి లోపలి లోహాన్ని కాపాడుతోందని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు బాలసుబ్రహ్మణ్యం వివరించారు. దాని మీది సంస్కృత శాసనం చంద్రుడనే రాజును పొగుడుతుంది. గుప్తుల రెండో చంద్రగుప్తుడంటారు. విష్ణుధ్వజంగా ఎక్కడో కొండ మీద నిలిపిన స్తంభాన్ని తర్వాత ఇక్కడికి తెచ్చారని చరిత్రకారుల మాట. స్తంభం కూడా వలస వచ్చిందే.

దీని మీద ఒక కథ ఉంది. స్తంభం వాసుకి పడగ మీద దిగిందని జ్యోతిష్కుడు చెబితే, నిజమో కాదో చూద్దామని రాజు పెకలించాడట. మొన రక్తంతో తడిసి వచ్చింది. మళ్ళీ పాతితే వదులుగానే నిలిచింది. హిందీలో వదులును 'ఢీలీ' అంటారు. ఢిల్లీ పేరు అందులోంచి వచ్చిందని, అందుకే ఇక్కడ ఎవరి రాజ్యమూ కుదురుగా నిలవదని జనం చెప్పుకుంటారు. "నా మోకాలి చిప్పలాగా" అంది అమ్మ, కంచె పక్కన కూలబడుతూ.

ఆవరణకు ఉత్తరాన ఒక రాళ్ళ గుట్ట. అలావుద్దీన్ ఖల్జీ కుతుబ్‌కు రెండింతల ఎత్తున కట్టబోయిన అలాయ్ మీనార్. ఒక్క అంతస్తు దగ్గర, పాతిక మీటర్ల లోపే ఆగిపోయింది, 1316లో ఆయన పోవడంతో. ఆ ఖల్జీ సేనాని మాలిక్ కాఫూరే 1310లో ఓరుగల్లును ముట్టడించి ఏనుగులు, గుర్రాలు, నిధులు ఢిల్లీకి తోలుకొచ్చాడు. 1323లో తుగ్లకులు ఏకంగా ప్రతాపరుద్రుణ్నే బందీగా పంపారు. ఆయన ఢిల్లీ చేరలేదు, నర్మద ఒడ్డునే ప్రాణాలు పోయాయని మన శాసనాలు చెబుతున్నాయి. సగంలో ఆగిన ఆ గుట్ట ముందు నిలబడి ఈ సంగతి చెబుతుంటే, పొద్దుటి నుంచీ చూసినవన్నీ ఒక వరసలోకి వచ్చాయి. కాకతీయుల సొమ్ము, కొల్లూరు వజ్రం లాగేసుకుంటే వచ్చాయి. గ్రానైటు గౌరవంగా వచ్చింది. మిర్చి బేరానికి వచ్చింది. నాయకులు ఓట్లతో వచ్చారు, మిగతావాళ్ళు అర్జీలతో వచ్చారు. ఢిల్లీ తన ఒంటి మీద వేసుకున్నదంతా ఎవరో ఒకరి ఊరిది. ఆ ఊళ్ళలో మనదీ ఒకటి.

రాజధానిని ఒక్క రోజులో చూడలేం. పది చోట్ల దిగినా చూడలేం. అందులో మన ఊరు ఎక్కడుందో వెతుక్కుంటే మాత్రం ఒక్క రోజు చాలు. ఈ పట్టింపు ఏ ఊరివాళ్ళు పెట్టుకున్నా ఢిల్లీలో ఏదో ఒకటి దొరుకుతుంది.

ఏడింటికల్లా స్టేషన్లో ఉన్నాం. సంచులు విడిపించుకుని బండెక్కాక, అమ్మ గంగ చెంబును కిటికీ పక్కన సర్ది, ఫోనులో మా చెల్లితో మాట్లాడింది. కోట గురించి ఒక్క ముక్క, కుతుబ్ గురించి అరముక్క, రాయి గురించి పావుగంట.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. సంచులకు తాళాలు ఇంటి దగ్గరే వేసుకోండి. కార్తీక సోమవారాలు ఉండేవాళ్ళు నిశ్చింతగా ఉపవాసం ఉండండి. ఎర్రకోటకు మంగళవారం వెళ్ళండి.